దొరల దుప్పి తుపాకీ ఎట్లా తయారయ్యేది, మన అడవికి దానికి ఏం సంబంధం



మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో మన జైనూర్, సిర్పూర్, లింగాపూర్ దిక్కు ఏ చాయ్ హోటల్ల కూసున్నా ఒకటే ముచ్చట. పందులు పడ్డయి, మనుబోతులు కంది మొత్తం కొరికినయి, రాత్రి మంచె మీద కావలి ఉన్నా లాభం లేదు. ఆఖరికి ఎవరో ఒకరు అననే అంటరు: "ఒక మంచి తుపాకీ ఉంటే వీటి సంగతి చెప్దును." ఈ పోస్టు తుపాకీ కొనుక్కోమని చెప్పేందుకు కాదు. జింకను, దుప్పిని, కణుజును కొట్టేందుకే తన ఒంటి కొలతలు ఇచ్చి రైఫిల్ చేయించుకున్న మనుషులు ఒకప్పుడు ఉండిరి. అట్లాంటి రైఫిల్ ఎట్లా ఉండాలన్న లెక్క ఒకటి మన పక్కనే, గోండు అడవుల్లో తిరిగిన ఒక ఇంగ్లీషు ఆఫీసరు రాసిండు. ఆ చరిత్ర కొంచెం పొడుగుంటది, తీరిక చేసుకుని చదవండి.

ముందుగాల మన ఇనుము సంగతి. తుపాకీ అంటే సీమ నుంచి వచ్చిన వస్తువే అనుకుంటం గాని, మంచి ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు మన దగ్గరికే వచ్చేవాళ్లు. గోదావరి అవతల, ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం ఊరు ఉన్నది. అక్కడి కమ్మరులు మూసల్లో కరిగించిన ఉక్కుముద్దలు ఇస్ఫహాన్ దాకా పోయేవి. 1820ల్లో వోయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు అక్కడికి పోయి, ఆ కొలిముల పని చూసి రాసిపెట్టిండు. నిర్మల్లో ఫ్రెంచి వాళ్ల సాయంతో ఫిరంగులు పోసిన కార్ఖానా ఉండె. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ పేరు కూడా ఫ్రెంచి సేనాని రేమండ్ పెట్టిన ఫిరంగుల కార్ఖానా నుంచే వచ్చింది. మన దేశపు తుపాకీ గొట్టాలు చేసే తీరు కూడా చూడదగ్గది. ఇనుప పట్టీని ఎర్రగా కాల్చి, ఒక కడ్డీ చుట్టూ తాడు చుట్టినట్టు చుట్టి, అతుకు అతుకునా సుత్తెతో కొట్టి గొట్టం చేసేవాళ్లు. అంటే పనితనం లేక మనం వెనకబడలేదు. ఆ పనికి డబ్బులిచ్చి చేయించుకునే రాజ్యం పోయింది, దాని వెంట పనీ పోయింది.

ఇక కొలతల ముచ్చట. "పన్నెండు బోర్" అని అందరం అంటం, అంటే ఏందని అడిగితే శానా మందికి తెల్వదు. ఒక పౌను సీసం, అంటే 453 గ్రాములు, తీసుకుని 12 సమాన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటదో అంత బెజ్జం ఉన్న గొట్టం అన్నట్టు. అంకె తగ్గినకొద్దీ గుండు లావైతది. గొట్టం లోపల నున్నగ ఉంటే అది మామూలు తుపాకీ. లోపల గోడకు మెలిక తిరిగిన గాట్లు కోస్తే అది రైఫిల్. ఆ గాట్ల వల్ల గుండు బొంగరం లెక్క తిరుగుకుంట పోతది, తిరిగేది దారి తప్పదు.

1840లో శామ్యూల్ బేకర్ అనే కుర్రవాడు బ్రిస్టల్ ఊర్లో గిబ్స్ అనే తుపాకుల షాపుకు పోయి, తాను అనుకున్న లెక్క ప్రకారం ఒక రైఫిల్ చేసియ్యమన్నడు. బరువు 21 పౌన్లు, అంటే తొమ్మిదిన్నర కిలోలు. గొట్టం 36 అంగుళాలు. గుండు 85 గ్రాములు, ఒక్క బారుకు మందు 28 గ్రాములు. మందు అట్లా దట్టించి పేలిస్తే కొట్టినోడి భుజం ఏమైతదో మీరే ఆలోచించుకోండి. ఆ తర్వాత ఆయన సిలోన్ పోయి ఏనుగులను, కణుజులను వేటాడిండు. వేటగాడు తనకేం కావాలో ముందే లెక్క కట్టి, ఆ లెక్క మీద తుపాకీ చేయించుకోవడానికి ఇది పేరుపడ్డ ఉదాహరణ.

ఇప్పుడు మన దిక్కుకు వద్దాం. పెన్‌గంగ, వార్ధా నదులు దాటితే అప్పట్లో ఇంగ్లీషు వాళ్ల మధ్య పరగణాలు. అక్కడ కూడా మనోళ్లే, గోండులే. ఆ అడవుల్లో జేమ్స్ ఫోర్సైత్ అనే కెప్టెన్ పనిచేసిండు, నిమార్ జిల్లాలో భూముల సెటిల్‌మెంటు చూసిండు. 1863లో వేట రైఫిల్ మీద ఆయన ఒక పుస్తకం అచ్చేసిండు. ఆయన వాదం సూటిగ ఉంటది. సిపాయి రైఫిల్ దూరం కొట్టేందుకు చేసింది, దాని గాట్ల మెలిక బిగువు. మందు ఎక్కువ పోస్తే సీసం గుండు ఆ గాట్లను పట్టుకోలేక జారిపోతది. మన అడవుల్లో దూరం ఎక్కడిది? చెట్ల సందున దుప్పి కనబడేదే నూరు, నూటయాభై గజాల లోపల. కాబట్టి గుండు లావుండాలె, మందు దండిగుండాలె, గాట్లు లోతు తక్కువ, మెలిక వదులుగ ఉండాలె. ఆయన చెప్పిన మెలిక 104 అంగుళాలకు ఒక్క చుట్టు. అంటే గొట్టం లోపల గుండు పూర్తిగ ఒక్క చుట్టు కూడా తిరగదు. అయినా నూటయాభై గజాలకు అది చాలు, గుండు తిన్నగ పోతది, గురి ఎత్తు దించు చేసే పని ఉండదు. ఆ వేటలో దొరలకు దారి చూపి, జంతువు అడుగుజాడ పట్టింది గోండులే. లండన్ షాపుల్లో తయారైన తుపాకీ లెక్క వెనక అట్లాంటి మనుషులు నడిచిన నడక ఉన్నదని నాకనిపిస్తది, కాని తుపాకీ మీద చెక్కిన పేరు మాత్రం చేయించుకున్న దొరదే.

ఆ చేయించుకునుడు ఎట్లుంటదంటే, మన వడ్లాయన నాగలి చేసినట్టే. వెనకట మేడి ఎత్తు దున్నేటోడి నడుముకు చూసి పెట్టేవాళ్లు గదా, పక్కోడి నాగలి మనకు చేయికి కుదరకపోయేది. అక్కడ కూడా అంతే. ముందు కొలత. కట్టు భాగాలు అటూ ఇటూ కదిలే ఒక కొలత తుపాకీని చేతికి ఇస్తరు. ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే కొస దాకా ఎంత, చెంప ఆనే చోట ఎంత కిందికి దిగాలె, కుడి చేతి వాటమైతే కట్టు ఎంత పక్కకు వంగాలె, ఇవన్నీ రాసుకుంటరు. గొట్టం చేసేటోడు వేరు, తాళం లాంటి లోపలి పనిముట్లు చేసేటోడు వేరు, వాల్‌నట్ చెక్క చెక్కేటోడు వేరు, నగిషీ వేసేటోడు వేరు. ఏడాదికి పైనే ఎదురుచూడాలె. రెండు గొట్టాల రైఫిల్ అయితే ఇంకో తిప్పలు. రెండు గొట్టాల గుండ్లు ఒకే చోట పడాలె. అతుకు పెట్టి కాలుస్తరు, పడ్డ చోటు చూస్తరు, మళ్లీ వేడి చేసి గొట్టాల మధ్య సన్న చీలను అటో ఇటో జరుపుతరు, మళ్లీ కాలుస్తరు. అట్లా ఎన్నిసార్లైనా. అంతా అయినంక సర్కారు పరీక్ష. మామూలు కన్నా ఎక్కువ మందు పోసి పేలుస్తరు, గొట్టం పగలకపోతేనే ముద్ర. బర్మింగ్‌హామ్‌ల ఆ పరీక్షశాల 1813 నుంచి నడుస్తున్నది. ఈ రోజు లండన్లో పేరున్న షాపు నుంచి అట్లాంటి రెండు గొట్టాల రైఫిల్ చేయించుకోవాలంటే లక్ష పౌన్లకు పైమాటే. మన లెక్కల కోటి దాటుతది. నాగలికి వడ్లాయన తీసుకునేది ఏడాదికి ఇన్ని కుంచాల జొన్నలు.

హైదరాబాద్ రాజ్యంలో వేట సంబురం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో బాగ నడిచింది. ఆయనకు వేట పిచ్చి. 1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ వచ్చి వరంగల్ దిక్కు నెక్కొండ దగ్గర క్యాంపు వేసి పులిని కొట్టిండు. చచ్చిన పులి ముందర దొర, దొరసాని నిలబడ్డ ఫోటో రాజా దీన్‌దయాళ్ తీసింది ఇప్పటికీ అక్కడక్కడ కనబడ్తది. పులి అయితే మంచె, డప్పులు, వందల మంది అడవి తోలుడు. కృష్ణజింక వేట అట్ల కాదు. బయలు మీద అది మనిషిని దూరం నుంచే చూసి ఉరుకుతది. కాని రైతు ఎడ్లబండిని చూసి బెదరదు, రోజూ చూసేదే గదా. అందుకే దక్కన్ల దొరలు బండి చాటున నక్కి, వంకర టింకరగ దగ్గరికి పోనిచ్చి కొట్టేవాళ్లు. రైతును నమ్మిన జింక రైతు బండి చాటు నుంచే చచ్చింది. హైదరాబాద్ వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి పార్కు కూడా ఒకప్పుడు నిజాం శికారు జాగనే.

జింక కోసం రైతును పక్కకు జరిపిన కథ ఒక్క మన దగ్గరే జరగలేదు. పొంచి జింకను కొట్టే ఆట పుట్టిన స్కాట్లాండ్ సంగతి వినండి. అక్కడ కొండల మీది చిన్న రైతులను మొదట గొర్రెల కోసం ఖాళీ చేయించిండ్రు, తర్వాత జింకల కోసం. పంటలేని కొండను జింకల అడవి అని పేరు పెట్టి శికారు దొరలకు కౌలుకిచ్చేది. లూయిస్ అనే దీవిని 1844లో జేమ్స్ మాథెసన్ కొన్నడు. ఆయన పైసలు ఎక్కడివంటే, చైనాకు నల్లమందు అమ్మి సంపాదించినవి, ఆ నల్లమందు పండింది మన దేశంలనే. 1887 నవంబరులో ఆ దీవి రైతులు వందల మంది, చేతికి దొరికిన తుపాకులు పట్టుకుని, పార్క్ అనే జింకల అడవిలోకి దండుగ పోయిండ్రు. జింకలను కొట్టి, అక్కడనే కాల్చుకుని తిన్నరు. దాచుకుని చేయలేదు, అందరికీ తెలవాలనే చేసిండ్రు. భూమి లేక పిల్లలు పస్తులుంటుంటే జింకలకు ఇంత జాగ ఎందుకని వాళ్ల ప్రశ్న. ముందుండి నడిపినోళ్ల మీద ఎడిన్‌బరోలో కేసు నడిచింది, 1888 జనవరిలో జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. అయితే భూమి మాత్రం వెంటనే రాలేదు. అంతకు ముందే, 1880లో, బ్రిటన్‌లో ఒక చట్టం వచ్చింది. కౌలు రైతు తన చేనులో పడ్డ కుందేళ్లను చంపే హక్కును భూస్వామి కూడా తీసేయరాదని. కుందేలు వరకే. జింక దొరదే.

మన దగ్గర అదే ముచ్చట 1940లో జోడేఘాట్‌ల తేలింది. అడవిని సర్కారు రిజర్వు చేసి గీతలు గీసింది. దున్నుకున్న భూమి ఆ గీత లోపలికి పోయింది, పశువులు మేసినా పన్ను, కట్టె కొట్టినా జరిమానా. కొమురం భీము అడిగింది ఆ భూమి గురించే. జవాబుగ వచ్చింది పోలీసుల తూటాలు. ఆ తర్వాత నిజాం సర్కారు పంపితే హైమన్‌డార్ఫ్ మన మార్లవాయిల ఉండి, గోండుల గోసకు కారణం అటవీ శాఖ, భూముల అన్యాయం అని రిపోర్టులు రాసిండు. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలనే ఉన్నది, మీకు తెలిసిందే. శికారు దొరకు అడవి పర్మిట్ దొరికిన రాజ్యంలనే ఆ అడవిలో పుట్టినోడికి గొడ్డలి పట్టుకుని పోతే కేసు. ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడకపోతే జోడేఘాట్ అర్థం కాదని నా మాట.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చినంక దొరల వేట ముగిసింది. జింకను ఇప్పుడు ఎవరూ కొట్టరాదు, దొర లేడు, కూలీ లేడు. అది మంచిదే అనుకుంట, లేకుంటే కవ్వాల్ అడవిల దుప్పి మిగలకపోవు. కాని పాత లెక్క ఒకటి తేలకుండ ఉండిపోయింది. అడవి జంతువును మేపేది ఎవరు? శికారు కాలంల మన చేనే మేపింది, ఇప్పుడూ మన చేనే మేపుతున్నది. ఇదే చట్టం 11వ సెక్షన్‌ల ఒక దారి ఉన్నది. నిలబడ్డ పంటకు ప్రమాదమైన జంతువు మీద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసరు గాని రాతపూర్వకంగ అనుమతి ఇయ్యొచ్చు. 62వ సెక్షన్ కింద కేంద్రం కొన్నింటిని కొంతకాలం హానికర జంతువులుగ ప్రకటించొచ్చు. 2015లో బీహార్‌ల కొన్ని జిల్లాలకు మనుబోతులను, అడవి పందులను అట్ల ప్రకటించిండ్రు. అనుమతి కాగితం లేకుండ కొడితే మాత్రం జైలే. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టినోళ్ల సంగతి వేరే చెప్పనక్కర లేదు, పందికి పెట్టిన తీగకు మనుషులు పోయిన ఇండ్లు మన చుట్టుపక్కల ఉన్నయి.

తుపాకీ లైసెన్సు అడిగేటోళ్లకు ఒక ముచ్చట. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌ల పంట కావలి కోసం అని పేరు పెట్టి చెప్పిన తుపాకీ ఉన్నది. అది రైఫిల్ కాదు. గొట్టం మూతి నుంచి మందు, గుండు పోసి దట్టించే తుపాకీ, మనం బర్మార్ అనేది. ఒంటికి కొలిచిన రైఫిల్ కాదు, మెలిక గాట్ల లెక్కలూ లేవు. నిజంగ పంట కావలికే అని లైసెన్సు ఇచ్చే ఆఫీసరు ముందర చూపెట్టాలె. లైసెన్సు చేతికి వచ్చినా అది తుపాకీ ఉంచుకునేందుకే. దుప్పిని గాని పందిని గాని కొట్టాలంటే వన్యప్రాణి చట్టం కింద ఇంకో అనుమతి కాగితం వేరే కావాలె. పంట పోయినప్పుడు నష్టపరిహారానికి అటవీ శాఖల దరఖాస్తు పెట్టాలంటే, మేసిన చేను ఫోటోలు తీసి, అడుగుజాడలు చెరగకముందే బీట్ ఆఫీసరుకు చూపెట్టండి. వాన పడితే జాడ ఉండదు.