రంగూనులోని కోరంగీలు

అమరకోశమునఁ గోరంగి యనఁగాఁ జిన్న యేలకి. రంగూనునగరమున నా శబ్దమునకుఁ దెలుఁగుకూలి యను నర్థ మేర్పడెను. ఈ రెండవయర్థము గోదావరీముఖమునందలి కోరంగిరేవునుండి పుట్టినది. 1839 తుపానువలనను ఇసుకమేటలవలనను ఆ రేవు చెడినను, బర్మాకుఁ బోయిన తెలుఁగుకూలీలనెల్ల నా పేరనే పిలిచిరి. 'అచ్చటినుండి వచ్చినవాఁడు' అను తద్ధితార్థ మిట పొసఁగదు. వారిలోఁ బెక్కండ్రు విశాఖపట్టణ గంజాము మండలములవారు. ఊరిపేరు కూలిపే రయ్యెను.

కాకినాడలో నోడ యెక్కకమున్నే మేస్త్రి యిచ్చిన బయానా వారికి ఋణమయ్యెడిది. రంగూనురేవునఁ గూలియు మేస్త్రిచేతికే వచ్చెడిది. అతఁడు తన పాలు తీసికొని మిగిలినది పంచెడివాఁడు.

1930 మే నెలలో రేవుకూలీలు, దినమునకు రూపాయిన్నర చాలదు, రెండురూపాయ లిండని పని మానిరి. ఓడసరకు దింపించువారు బర్మీయులఁ జేర్చుకొనిరి. పిదప నాలుగణాలు హెచ్చించి తెలుఁగువారినే మరలఁ బిలిచిరి. 26వ తేది యుదయమునఁ బనికి వచ్చిన బర్మీయులు వట్టిచేతులతో మరలవలసివచ్చెను. తెలుఁగువారు నవ్విరఁట! ఆ నవ్వునుండి రేఁగిన కలహమున నూఱుమందికిఁ బైగా హతులైరి. వారిలో మిక్కిలి తెలుఁగువారే. బర్మీయుని పగ కూలివానిపైఁ బడినది గాని, యిరువురనుఁ జౌకగాఁ గొన్నవారిపైఁ బడలేదు.

1942లో జపానుసేన రాఁగా వేలకొలఁది భారతీయులు అరకానుకొండలు దాఁటి కాలినడకన మరలిరి. వారిలోఁ గోరంగీలును గలరు. త్రోవలోఁ బడిపోయినవా రనేకులు.