నాస్తికశబ్దవిచారము - గోరాగారి చరిత్రము

నాస్తికశబ్దమునకు లోకమున నిందార్థమే రూఢమైనది. వ్యాకరణమున మాత్ర మాశబ్దమునందు నింద లేదు. పాణిని నాల్గవ యధ్యాయపు నాల్గవ పాదమున ఆస్తిక, నాస్తిక, దైష్టిక శబ్దములు మూఁడును ఒక్క సూత్రముననే సాధింపఁబడినవి. ఉన్నదని మతి గలవాఁ డాస్తికుఁడు. లేదని మతి గలవాఁడు నాస్తికుఁడు. దైవాయత్తమని మతి గలవాఁడు దైష్టికుఁడు. ఏది యున్నదని, ఏది లేదని? సూత్రకారుఁడు చెప్పలేదు. వ్యాఖ్యాతలు పరలోకమని పూరించిరి. మనుస్మృతి వేదనిందకుని నాస్తికుఁ డన్నది. నేఁటి వ్యవహారమున ఈశ్వరుఁడు లేఁడనువాఁడే నాస్తికుఁడు. జగత్కర్తయైన యీశ్వరు నంగీకరింపని మీమాంసకులును సాంఖ్యులును ఆస్తికదర్శనములవారిలోనే పరిగణింపఁబడుట పండితు లెఱిఁగినదే. ఇట్లు కాలక్రమమున నర్థము మాఱుచు వచ్చిన యీశబ్దమును దనకు బిరుదముగాఁ దానే ధరించి, దానికై యుద్యోగములను గోలుపోయిన వృక్షశాస్త్రపండితు లొకరు ఆంధ్రదేశమున నుండిరి. వారు గోపరాజు రామచంద్రరావుగారు. ఇంటిపేరు మొదటి యక్షరమును, పేరు మొదటి యక్షరమును గూర్చి 'గోరా' యని వ్యవహరించిరి. వైయాకరణుల ప్రత్యాహారమువలె నీ సంక్షేపమే తరువాత లోకమున నిలిచినది.

గోరాగారు 1902 నవంబరు 15వ తేదీని గంజాముజిల్లా ఛత్రపురమున ఆచారవంతమైన బ్రాహ్మణకుటుంబమున జన్మించిరి. గంజాము నాఁడు మద్రాసురాజధానిలోనిది. 1936లో ఒడిస్సాలోఁ జేరినది. 1922లో వీరికి సరస్వతిగారితో వివాహమైనది. అప్పటి కామె పదేండ్ల బాలిక. వీరు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రమున ఎం.ఏ. పట్టమును బడసి, మధురలోని అమెరికన్ కళాశాలలో నుపన్యాసకులైరి. క్రైస్తవమతమును స్వీకరించినచో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు ఉన్నతవిద్యకై పంపుదు మని యచ్చట నాశ చూపఁగా వలదనిరి. అప్పటికి వారు నాస్తికులని పేరు పొందినవారు కారు. నమ్మకమును వెలకిచ్చుట యొల్లకపోవుట మాత్ర మప్పుడే కానవచ్చుచున్నది.

అటుపిమ్మట కోయంబత్తూరు వ్యవసాయ పరిశోధనాలయమునఁ బ్రత్తి పరిశోధనలోఁ గొంతకాలము పనిచేసిరి. ప్రత్తి ఆదిలాబాదు నల్లరేగడి నేలల ముఖ్యపు పంట గాన, ఉత్తర తెలంగాణపుఁ బాఠకులకు ఈ ఘట్టము కొంత వివరింపఁదగినది. ప్రత్తిచేనిలోఁ బ్రక్కప్రక్కనే పెరిగిన రెండుమొక్కలలో నొకటి మంచి కాఁపు కాయును, రెండవది కాయదు. భేదము విత్తనమువలనఁ గలిగినదా, నేలవలనఁ గలిగినదా యని కన్నులతోఁ జూచి చెప్ప నలవి కాదు. పరిశోధకుఁడు పరపరాగము సోఁకకుండఁ బూవును గప్పి, ఒక్కొక్క మొక్క విత్తనమును వేఱుచేసి, ఒకేనేలలో వేఱువేఱు సాళ్లుగా విత్తి, పలుపంటలు వేచిచూచును. విత్తన మున్నచోట గుణ మున్నదా, విత్తనము మాఱినచోట గుణము మాఱినదా? మన శాస్త్రములలో దీనికే అన్వయవ్యతిరేకములని పేరు. ప్రకృతిప్రత్యయముల యర్థమును విభజించునపుడు వైయాకరణులు ప్రయోగించు యుక్తియు నిదియే. గోరాగారి తరువాతి జీవితమును బరిశీలించువారు ఈ ప్రత్తిసాళ్లను మఱవరాదు.

కొలంబోలోని ఆనందకళాశాలలో నుపన్యాసకులుగ నుండి, 1928లోఁ గాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు వచ్చిరి. ఆ యేఁటనే యజ్ఞోపవీతమును విడువఁగాఁ దండ్రి యింటినుండి వెడలఁగొట్టెను. దయ్యములున్నవని జనులు విడిచిన యింటఁ గాపుర ముండిరి. గర్భవతి గ్రహణకాలమున బయటికి వచ్చినచో శిశువున కంగవైకల్యము గలుగునను విశ్వాసమును సరస్వతిగారు తమ శరీరముననే పరీక్షించిరి. శిశువున కేలోపమును గలుగలేదు. ఇందు సాహసము భర్తదా, భార్యదా యని యడిగిన భార్యదే యనవలెను. భర్తకు శాస్త్రవిద్య యండ. పదేండ్లకే యత్తవారింటి కిచ్చిన యామెకు అట్టి యండ యేది?

1930 సెప్టెంబరులో గోరాగారు గాంధీమహాత్మునకు జాబు వ్రాసి, వారు తఱచుగా వాడు ఈశ్వరశబ్దమున కర్థమేమని యడిగిరి. ఈశ్వరుఁడు మానవబుద్ధి కతీతుఁడని ప్రత్యుత్తరము వచ్చినది. అది యుప్పుసత్యాగ్రహపు సంవత్సరము. ఆ యేఁటఁ బుట్టిన కుమారునకు 'లవణము' అని పేరిడిరి. రామకృష్ణాదినామములే వినుచుండు బంధువుల కీ నామకరణ మెట్లు తోఁచెనో యూహింపవచ్చును.

1933లో కాకినాడ కళాశాలవారు నాస్తికభావముల హేతువుచే వీరి నుద్యోగమునుండి తొలఁగించిరి. బ్రహ్మసామాజికులు, సంఘసంస్కర్తలునగు రఘుపతి వేంకటరత్నమునాయుఁడుగా రధ్యక్షులై కీర్తి దెచ్చిన కళాశాల యది! వృక్షశాస్త్రబోధలో లోప మున్నదని తొలఁగించియుండిన నదియొక న్యాయము. ఆకునకుఁ బచ్చదన మెట్లు గలుగునో చెప్పుటకు ఉపన్యాసకుని యీశ్వరవిశ్వాసముతోఁ బని లేదు. పిదప మచిలీపట్టణపు హిందూకళాశాలలోఁ జేరిరి. 1939లో నదియు నీ కారణముచేతనే ముగిసినది. అంతటితో ఉపన్యాసకవృత్తిని విడిచి, 1940లోఁ గృష్ణాజిల్లా ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించి, అస్పృశ్యతానివారణము, సహపంక్తిభోజనములు, వయోజనవిద్య యనువానిఁ జేపట్టిరి. 1942 నాఁటి క్విట్ ఇండియా యుద్యమమున దంపతులిరువురును గారాగారము ననుభవించిరి.

1944లో సేవాగ్రామమున గాంధీమహాత్మునితో జరిగిన సంభాషణము శబ్దవిచారపరులకు విశేషముగా రుచించును. నిరీశ్వరుఁడవగు నీతో నేమి మాటాడుదునని గాంధి పరిహసింపఁగా, తాను నిరీశ్వరుఁడు కాఁడనియు నాస్తికుఁడనియు గోరాగారు బదులు చెప్పిరి. భేదమేమన్న ప్రశ్నకు, నిరీశ్వరత్వ మభావమాత్ర మనియు, నాస్తికత్వము ఆ యభావమువలనఁ గలుగు భావరూపమగు స్థితి యనియు వివరించిరి. ఈశ్వరునిపై భారము లేనందున మనుష్యుఁడు తన కర్మమునకుఁ దానే కర్తయగు నని వారి తాత్పర్యము. పాణిని చెప్పిన 'మతి' యను దానికి ఇంతటి యర్థము నెక్కించినవారు వేఱొకరు కానరారు. తన యాస్తికత్వము సరియనిగాని గోరాగారి నాస్తికత్వము తప్పనిగాని చెప్పలేనని గాంధి యొప్పుకొనెను. గోరాగారి కుమార్తె మనోరమకు అస్పృశ్యకులమువాఁడైన అర్జునరావుతో వివాహమును సేవాగ్రామమునఁ జేయింప నంగీకరించెను. 1948 జనవరి 30వ తేదీని హంతకుఁ డాయనను బొట్టనఁబెట్టుకొనెను. ఆ యేఁటనే సేవాగ్రామముననే యా వివాహము జరిగినది.

ఈశ్వరవిశ్వాసము మనుష్యుని బానిసఁజేయు ననియు, అది తొలఁగిన కులభేదములు తొలఁగు ననియు గోరాగారి సిద్ధాంతము. దీనిని వారి ప్రత్తిసాళ్ల న్యాయముననే పరీక్షింపవలెను. అస్పృశ్యత నెదిర్చిన వేంకటరత్నమునాయుఁడుగారు పరమాస్తికులు, గాంధియు నట్టివాఁడే. ఈశ్వరుని నమ్మకయుఁ గులమును విడువనివారు పట్టణములలోఁ గావలసినంతమంది. అన్వయమును వ్యతిరేకమును రెండును వ్యభిచరించుచుండఁగాఁ గార్యకారణభావ మెట్లు సిద్ధించును? గ్రహణవిషయమున నంత జాగరూకతతో నడచిన బుద్ధి యిచటఁ ద్వరపడినది. ఐన నొకటి చెప్పవలెను. సిద్ధాంతము దుర్బలమైనను ఆచరణము దుర్బలము గాలేదు. సొంతయింటి పెండ్లితో మొదలుపెట్టిన సంస్కర్తలు కొందఱే.

స్వరాజ్యానంతరము గోరాగారు పక్షరహితప్రజాస్వామ్యమును బ్రతిపాదించిరి. ఎన్నికైనవారు పక్షమున కిచ్చిన మాటకుఁ గట్టువడి, తమ్ము నెన్నుకొన్న గ్రామమును మఱతురని వారి యాక్షేపణము. 1952లోను 1967లోను తామే యే పక్షమును జేరక యెన్నికలలో నిలిచి యోడిరి. 1961-62లో సేవాగ్రామమునుండి ఢిల్లీకి ననుచరులతోఁ గాలినడకను సుమా రొక వేయినూఱు మైళ్లు నడచి, మంత్రు లాడంబరమును విడువవలె నని కోరిరి. ప్రజల కాహారము చాలనిచోఁ బ్రభుత్వోద్యానములలోఁ బూలమొక్క లేల, కూరగాయలు వేయుఁడని పోరినదియు వీరే. పువ్వు నెఱిఁగిన శాస్త్రజ్ఞుఁడే పువ్వును బెఱుకుఁ డనుట కొందఱకు నవ్వు పుట్టించెను. ఉద్యానశోభ బీదవానికిని గావలయు నను ప్రతివాదము కొట్టివేయఁదగినది కాదు.

ముదునూరు కేంద్రము 1947లో విజయవాడకు మాఱినది. 1972లోఁ బ్రథమ ప్రపంచనాస్తికసభ యచ్చటనే జరిగినది. 1975 జూలై 26వ తేదీని విజయవాడలో నొక సభయందుఁ బ్రసంగించుచునే గోరాగారు కన్నుమూసిరి. సరస్వతిగారు 2006 వఱకు జీవించి కేంద్రమును నడపిరి. గోరాగారి శతజయంతి సంవత్సరమగు 2002లో భారతప్రభుత్వము వారి చిత్రముతోఁ దపాలబిళ్ల వెలువరించినది.