మాట ఉంది, బొమ్మ లేదు

టెలివిజన్ చరిత్ర రాసేవాళ్ళు ఎప్పుడూ బొమ్మ కనిపించిన రోజులే లెక్కపెడతారు. ఫలానా సంవత్సరం ఫలానా ఆయన బొమ్మ చూపించాడు, ఫలానా ఊళ్ళో కేంద్రం తెరిచారు అని. బొమ్మ కనిపించని రోజులకు కూడా ఓ చరిత్ర ఉంది. కాకపోతే అది మెకానిక్కుల దగ్గర ఉంది, వాళ్ళకేమో రాసే తీరిక లేదు.

మొదట్లో అసలు బొమ్మ లేకపోవడమే మామూలు. 1925 అక్టోబరులో జాన్ లోగీ బెయర్డ్ అనే స్కాట్లండు ఆయన లండన్‌లో ఫ్రిత్ వీధిలోని ఓ మేడగదిలో కూచుని, ఓ కీలుబొమ్మ తలను తెరమీదికి రప్పించాడు. పట్టలేని సంతోషంతో కింది అంతస్తు ఆఫీసుకు పరుగెత్తి, అక్కడ పనిచేసే టేంటన్ అనే కుర్రాణ్ణి పట్టుకొచ్చి దీపాల ముందు కూచోబెట్టాడు. పక్కగదిలోకి వెళ్ళి చూస్తే తెర ఖాళీ! వెనక్కి వచ్చి చూస్తే, దీపాల వేడి భరించలేక కుర్రాడు వెనక్కి జరిగి కూచున్నాడు. బెయర్డ్ అతని చేతిలో అర క్రౌను నాణెం పెట్టి మళ్ళీ ముందుకు జరిపాడు. ఈసారి మొహం కనిపించింది. నాకు తెలిసి "బొమ్మ రావడం లేదు" అన్న ఫిర్యాదుల్లో అదే మొదటిది. మరమ్మతు ఖర్చు అర క్రౌను.

ఆ తర్వాత రెండేళ్ళకు, 1927 సెప్టెంబరు 7న, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫైలో ఫార్న్స్‌వర్త్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు తిరిగే చక్రాలేవీ లేకుండా ఎలక్ట్రాన్లతోనే బొమ్మ పంపాడు. ఏం బొమ్మ అనుకున్నారు? ఒక గీత. ఒకే ఒక్క గీత. గాజు పలకను తిప్పితే తెరమీద గీత కూడా తిరిగింది, అంతే. అదే గీత మన ఇళ్ళల్లో పిక్చర్ ట్యూబు సెట్లున్న రోజుల్లో తెరకు అడ్డంగా కనిపిస్తే ఇంటిల్లిపాదీ ఉసూరుమనేవాళ్ళం. "వర్టికల్ పోయిందండీ" అని మెకానిక్ పెట్టె విప్పేవాడు. ఒక కాలంలో ఘనవిజయం ఇంకో కాలంలో రిపేరు!

దేశాలకు దేశాలే బొమ్మ లేకుండా గడిపిన సందర్భాలూ ఉన్నాయి. యుద్ధం ముంచుకొస్తోందని బి.బి.సి. 1939 సెప్టెంబరు 1న టెలివిజన్ ఆపేసింది. ఆపే ముందు వేసింది మిక్కీ మౌస్ కార్టూను. మళ్ళీ 1946 జూన్ 7న తెరిచినప్పుడు అదే కార్టూను వేశారు.

మన దగ్గర సంగతి ఇంకా చిత్రం. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా వాళ్ళ ఎ.టి.ఎస్.-6 అనే ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. కోళ్ళగంపలాంటి జాలీ గొడుగు, దానికింద సెట్టు, సెట్టు ముందు ఊరంతా. 1976 జూలై 31తో గడువు తీరింది, ఎవరి ఉపగ్రహం వాళ్ళు పట్టుకుపోయారు. చాలా ఊళ్ళలో తెర నల్లబడింది. సెట్టు బాగానే ఉంది, గొడుగు బాగానే ఉంది, ఆకాశంలో ఉండాల్సింది లేదు. ఆ రిపేరు ఏ మెకానిక్కు చేయగలడు చెప్పండి? ఆ మరుసటి ఏడు, 1977లో, హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. దానితోపాటు "అంతరాయానికి చింతిస్తున్నాము" అన్న అట్ట కూడా వచ్చింది. మా తరం వాళ్ళలో ఆ మాట చదవడం రాని పిల్లవాడు ఉండేవాడు కాదు.

ఇప్పటి సెట్లలో ట్యూబు లేదు. ఓలెడ్ అంటున్నారు. అందులో ఆర్గానిక్ అనే మాట ఉంది. ఎరువులు వేయని వంకాయలకూ దీనికీ సంబంధం లేదు, కర్బన రసాయనాలని అర్థం. కరెంటు పారిస్తే వాటంతటవే వెలుగుతాయి. 1963లో న్యూయార్కులో మార్టిన్ పోప్ బృందం ఆంత్రసీన్ స్ఫటికాన్ని వెలిగించడానికి నాలుగువందల వోల్టులు పెట్టాల్సి వచ్చింది. దాంతో ఇంట్లో టీవీ ఏం నడుస్తుంది! కొడాక్ కంపెనీ పరిశోధనశాలలో హాంకాంగ్‌లో పుట్టిన చింగ్ టాంగ్ అనే ఆయన, స్టీవెన్ వాన్ స్లైక్ అనే సహోద్యోగి కలిసి రెండు రసాయనాలను పొరమీద పొరగా వేసి, పది వోల్టుల లోపే పచ్చటి వెలుగు రప్పించారు. 1987లో ఆ సంగతి ప్రకటించారు. ఆ రెండు పొరలూ కలిపినా తలవెంట్రుక మందంలో అయిదువందలో వంతు ఉండవు. సోనీ వాళ్ళు 2007లో 11 అంగుళాల సెట్టు అమ్మారు, జపానులో ధర రెండు లక్షల యెన్లు. 2013కల్లా కొరియా నుంచి 55 అంగుళాలది వచ్చింది. కనిపెట్టిన కొడాక్ మాత్రం ఆ వ్యాపారాన్ని 2009లోనే అమ్మేసుకుని, 2012లో దివాలా దరఖాస్తు పెట్టుకుంది. వెలిగించినవాడి ఇంట్లో దీపం లేకపోవడం ఇదే మొదటిసారి కాదనుకోండి.

ఇదంతా నేను చదవడానికి కారణం మా మేనత్త. టీచరుగా రిటైరై కింద వాటాలో ఒంటరిగా ఉంటుంది. రెండేళ్ళు పింఛనులో మిగిల్చి ఆ సెట్టు కొనుక్కుంది. ఓ సాయంత్రం మాట వస్తోంది గాని బొమ్మ రాలేదు. కంపెనీ తరఫున ఓ కుర్రాడు వచ్చి, రిమోటు నాలుగుసార్లు నొక్కి, "ప్యానెల్ పోయిందండీ" అని తేల్చేశాడు. కొత్త ప్యానెల్ ధర ఇంచుమించు కొత్త సెట్టు ధర. ఆమె పది రోజులపాటు ఆ నల్లటి పలక ముందు కూచుని వార్తలు విన్నది. "రేడియో రోజులొచ్చాయనుకుంటాలేరా. కొడుక్కి మాత్రం చెప్పకు, ఇంకోటి పంపిస్తానంటాడు" అంది. నాకది నచ్చలేదు. నలభై ఏళ్ళుగా మా పేటలో టీవీలు బాగుచేస్తున్న పెద్దాయన్ను పిలుచుకొచ్చాను.

ఆయన ముందు విన్నాడు. ఎర్రదీపం వెలుగుతోంది, మీట నొక్కితే లోపల రిలే టిక్కుమంది, మాట వచ్చింది. అంటే సెట్టు తల పనిచేస్తోందన్నమాట. "ఎల్‌సిడి అయితే తెరమీద టార్చి వేసి చూసేవాణ్ణి సార్. వెనకదీపం పోతే బొమ్మ నీడలాగా కనిపిస్తుంది. దీనికి వెనకదీపమే లేదు. 83 లక్షల చుక్కలు, ఏ చుక్క దీపం దానిదే. బొమ్మ రాకపోయినా నలుపే, కరెంటు రాకపోయినా నలుపే" అన్నాడు. ఇంత చక్కటి నలుపు ఇంకే తెరకూ లేదని కంపెనీలు చెప్పుకుంటాయి. ఆ నలుపే మెకానిక్ పాలిట చీకటి.

వెనకతలుపు విప్పి మీటరు పెట్టాడు. స్టాండ్‌బై వోల్టేజి ఉంది. పన్నెండు వోల్టులు ఉన్నాయి. ప్యానెల్‌కు వెళ్ళాల్సిన ఇరవైనాలుగు వోల్టులు సున్నా. అత్తయ్య మొహం విప్పారింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "బావిలో నీళ్ళు లేవా, బక్కెటకు చిల్లా అన్నది తేలాలమ్మా" అన్నాడు. ప్యానెల్ లోపల ఎక్కడైనా షార్టయితే పవర్ బోర్డు తనను తాను కాపాడుకోవడానికి సరఫరా ఆపేస్తుంది. అప్పుడూ మీటరు సున్నాయే చూపిస్తుంది. అదే నిజమైతే కంపెనీ కుర్రాడి మాటే నెగ్గుతుంది.

ప్లగ్గు పీకి, కాసేపు ఆగి, పెద్ద కెపాసిటరులో నిలిచిన కరెంటు దింపేశాడు. నాలుగువందల వోల్టులకు కాస్త తక్కువ ఉంటుందట అందులో, ప్లగ్గు తీసినా వెంటనే పోదు. (తోచక ఇంట్లో టీవీలు విప్పే సోదరులు ఇది గుర్తుంచుకోవాలి.) ప్యానెల్ తీగ విడదీసి ఓమ్స్‌లో కొలిచాడు. షార్టు లేదు. తిరిగి తగిలించి, ఇరవైనాలుగు వోల్టులు ఇమ్మన్న ఆజ్ఞ పవర్ బోర్డుకు అందుతోందా అని చూశాడు. అందుతోంది. ఇమ్మన్నా ఇవ్వడం లేదు. అంటే చిల్లు బక్కెటకు లేదు.

బోర్డు ఊడదీసి భూతద్దం కింద తిప్పితిప్పి చూశాడు. ఓ ట్రాన్స్‌ఫార్మరు కాలు చుట్టూ సన్నటి ఉంగరంలాంటి పగులు. "డ్రై సాల్డర్!" అన్నాడు, పాత స్నేహితుడు బజారులో ఎదురైనంత సంతోషంగా. రోజూ సాయంత్రం వేడెక్కి, రాత్రి చల్లారి, సాగి, కుంచించుకుని బరువైన భాగాల కాళ్ళ దగ్గర అలా పగులుతుంది. వెనకటి సెట్లకూ ఇదే జబ్బు. పక్కన ఒక్కటిస్తే బొమ్మ రావడం గుర్తుందా? ఆ దెబ్బకు పగులు కాసేపు కలుసుకునేది, అంతకన్నా మహత్తు ఏమీ లేదు. ఈ పలచటి సెట్టును కొట్టారో, తెర ముక్కలవుతుంది.

పాత సాల్డరు తీసి కొత్తది పోశాడు. బొమ్మ వచ్చింది. కూలి పన్నెండు వందలు. అత్తయ్య మరో మూడు వందలు ఇవ్వబోతే తీసుకోలేదు గాని, రెండోసారి కాఫీ తాగాడు.

వెళ్తూ ఓ మాట చెప్పాడు. "రాత్రి రిమోటుతో ఆపండమ్మా, వెంటనే గోడ స్విచ్చి తీయకండి. నాలుగు గంటలు దాటి చూసిన రోజున, ఆపాక అది లోపల్లోపలే చుక్కల అరుగుదల సరిచూసుకుంటుంది." కరెంటు బిల్లుకు భయపడి పడుకోబోయే ముందు ఇంటి స్విచ్చులన్నీ తీసేసే అలవాటు మనది. ఈ సంగతి సెట్టుతో వచ్చే పుస్తకంలో ఉంటుంది, పుస్తకం అట్టపెట్టెలో ఉంటుంది, అట్టపెట్టె అటకమీద ఉంటుంది.

ఐరోపా దేశాల్లో 2021 మార్చి నుంచి టీవీలకు పవర్ సప్లయిలాంటి విడిభాగాలు కనీసం ఏడేళ్ళు మెకానిక్కులకు దొరకాలని చట్టం పెట్టారు. ప్యానెల్ ఆ జాబితాలో లేదు. మన ప్రభుత్వం 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పేరుతో ఓ పోర్టల్ తెరిచింది. పెద్దాయనకు దాని సంగతి చెబితే, "సర్క్యూట్ డయాగ్రం ఇస్తారా సార్ అందులో?" అని అడిగాడు. ఆయన పని నేర్చుకున్న రోజుల్లో పెట్టె వెనక అట్టకే డయాగ్రం అంటించి వచ్చేదట.

తర్వాత ఓసారి ఆయన కొట్టుకు వెళ్ళాను. గోడకు ఆనించి మూడు ఓలెడ్ సెట్లు ఉన్నాయి. ఒకదాని తెర పగిలింది, రెండింటికి అంచుల్లోంచి చెమ్మ దిగి లోపలి పొరలు చచ్చిపోయాయి. అవి లేచేవి కావు. వాటి బోర్డులు మాత్రం విప్పి అరలో పేర్చి, ఒక్కొక్కదానికీ కాగితం అంటించి, మోడల్ నంబరు తెలుగు అంకెల్లో రాసుకున్నాడు. గుజరాతీ గల్లీలో దొరకనివి ఇక్కడ దొరుకుతాయట. నేను ఉండగానే ఒకాయన వచ్చి రెండో అరలోది పట్టుకెళ్ళాడు.