చెన్నైలో కుంభవృష్టి ఎందుకు? 2015 డిసెంబరు వాన చెప్పే సంగతులు

పేరున్న తుపాను వస్తేనే ప్రమాదమనీ, అల్పపీడనమంటే మామూలు వానేననీ మనలో చాలామంది అనుకుంటాం. 2015 డిసెంబరు 1న చెన్నైని ముంచింది తుపాను కాదు. నైరుతి బంగాళాఖాతంలోని ఒక అల్పపీడనం. మర్నాడు ఉదయానికి 24 గంటల్లో తాంబరంలో 49 సెంటీమీటర్లు, చెంబరంబాక్కంలో 47, నుంగంబాక్కంలో 29 సెంటీమీటర్ల వాన పడింది. నగరానికి ఏడాది మొత్తం మీద కురిసే సగటు వాన సుమారు 140 సెంటీమీటర్లే.

సముద్రం పాత్ర

తెలంగాణలోని మన బంధువులకు వానాకాలం జూన్‌లో మొదలైతే, చెన్నైకి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలే ప్రధానం. అప్పటికి బంగాళాఖాతం ఇంకా వెచ్చగానే ఉంటుంది. దాని మీదుగా వచ్చే గాలి విపరీతంగా తేమను మోసుకొస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు.

గాలి పాత్ర

తూర్పు గాలులు నేలను తాకగానే రాపిడి వల్ల నెమ్మదిస్తాయి. వెనుక నుంచి వచ్చే గాలి పోగై పైకి లేస్తుంది, చల్లబడి వానగా మారుతుంది. అల్పపీడనం త్వరగా కదిలిపోతే ఈ వాన పలు ఊళ్లకు పంచుకుపోతుంది. కదలకపోతే ఒకే చోట గంటల తరబడి కురుస్తుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అయినా అంతకుముందు చెన్నై తీరం పక్కనే మెల్లగా సాగడంతో నగరం నీట మునిగింది.

ఎల్ నినో

పసిఫిక్ మహాసముద్రం వేడెక్కే ఎల్ నినో ఏళ్లలో నైరుతి వానలు తగ్గే అవకాశం, దక్షిణాదిన ఈశాన్య వానలు పెరిగే అవకాశం ఎక్కువ. 2015లో రెండూ జరిగాయి. అయితే లా నినా ఏడాది అయిన 2021 నవంబరులో కూడా నుంగంబాక్కంలో 100 సెంటీమీటర్లు దాటింది. కాబట్టి దానొక్కదాన్నే నమ్ముకోలేం.

నేల మీద

2015 నవంబరులోనే 100 సెంటీమీటర్లకు పైగా కురిసి నేల తడిసిపోయింది, చెరువులు నిండాయి. ఆ మీదట చెంబరంబాక్కం నుంచి 29 వేల క్యూసెక్కులు వదిలారు. అడయారు పొంగి ఒడ్డున ఉన్న ఇళ్లను ముంచింది. ఇలాంటప్పుడు సముద్రం పోటు మీద ఉంటే నది నీరు త్వరగా దిగదు.

మనం గమనించవలసినవి

వాతావరణ శాఖ ప్రకటనలో తుపానుకు పేరుందా లేదా అని కాక నాలుగు సంగతులు చూడాలి: అది ఎక్కడుంది, ఎంత వేగంగా కదులుతోంది, అప్పటికే ఎంత వాన పడింది, చెరువుల మట్టమెంత. నది ఒడ్డున, పల్లపు వీధుల్లో ఉండే పెద్దవాళ్లను నీళ్లు గుమ్మం దాటకముందే, పగటిపూటే మెరక ప్రాంతానికి చేర్చడం మేలు.