గెలిచినా దక్కని కుర్చీ

1950 నవంబరులో కాలిఫోర్నియాలోని వెస్ట్‌మోర్లాండ్ అనే చిన్న ఊళ్లో న్యాయాధికారి పదవికి ఎన్నిక జరిగింది. ఓటర్లు దలీప్ సింగ్ సౌంద్‌ను గెలిపించారు. కుర్చీ మాత్రం దక్కలేదు. పౌరసత్వం వచ్చి ఏడాది నిండలేదంటూ ఆ గెలుపును కొట్టేశారు. అప్పటికి ఆయన అమెరికా వచ్చి 30 ఏళ్లు.

1899లో అమృత్‌సర్ జిల్లా ఛజ్జల్‌వడ్డీలో పుట్టిన సౌంద్, పండ్లూ కూరగాయలూ డబ్బాల్లో నిల్వచేసే విద్య నేర్చుకుందామని 1920లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. మనసు మాత్రం లెక్కల మీదే ఉంది. 1924లో గణితంలో డాక్టరేట్ అందుకున్నారు. అంతకు ముందు ఏడాదే భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది: సామాన్యుడి దృష్టిలో భారతీయులు తెల్లవారు కారు, కనుక వారికి పౌరసత్వం కుదరదు. థింద్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. కోర్టుకు అదీ పట్టలేదు.

డాక్టరేట్ ఉన్న మనిషి మెక్సికో సరిహద్దు దగ్గరి ఇంపీరియల్ వ్యాలీలో పొలం పనికి దిగారు. అది మండే ఎడారి; కొలరాడో నది కాలువ నీళ్లే ఆధారం. మొదట పత్తి తీసే కూలీలపై మేస్త్రీ, తర్వాత లెట్యూస్ సాగు. భూమిని తన పేర కౌలుకు తీసుకోవడానికీ చట్టం ఒప్పుకోదు. 1928లో మారియన్ కోసాను పెళ్లాడారు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుణ్ని చేసుకుంటే అమెరికన్ స్త్రీ పౌరసత్వం కూడా పోయే రోజులవి. 1931లో గాని ఆ నిబంధన తొలగలేదు. ధరలు పడిపోయి అప్పుల్లో మునిగినా సౌంద్ దివాలా పిటిషన్ పెట్టలేదు. ఏళ్ల తరబడి కష్టపడి బాకీలన్నీ తీర్చారు. తోటి రైతుల్లో ఆయన మాటకు విలువ తెచ్చింది డాక్టరేట్ కన్నా ఈ నిజాయితీయే అనిపిస్తుంది.

1946లో లూస్-సెల్లర్ చట్టం భారతీయుల పౌరసత్వానికి దారి తెరిచింది. 1949 డిసెంబరులో సౌంద్ పౌరుడయ్యారు. 1952లో మళ్లీ న్యాయాధికారి పదవికే నిలబడ్డారు. గెలిస్తే తలపాగాలు మీరే ఇస్తారా, మేమే కొనుక్కోవాలా అని ఒకాయన అందరి ముందూ ఎగతాళి చేశాడు. తల మీద ఏముందో నాకు అనవసరం, లోపల ఏముందో అదే కావాలి అన్నది సౌంద్ జవాబు సారాంశం. ఈసారి కుర్చీ దక్కింది.

1956లో కాంగ్రెస్‌కు పోటీ. ప్రత్యర్థి జాక్వెలిన్ కోక్రన్, ధ్వనివేగాన్ని మించి విమానం నడిపిన తొలి మహిళ, భర్త సంపన్నుడు. సౌంద్ కుటుంబం ఇంటింటికీ తిరిగి ఓటర్లను నమోదు చేయించింది. ఆయనే గెలిచారు. ఆసియా సంతతి నుంచి ఓటుహక్కున్న సభ్యుడిగా అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి వ్యక్తి ఆయనే. కొత్త సభ్యుడైనా విదేశీ వ్యవహారాల కమిటీలో చోటు దొరికింది. ఆ తర్వాత మరో రెండుసార్లు నెగ్గారు.

1962లో పక్షవాతం ఆయన మాటను తీసుకుపోయింది. అయినా ఆ నవంబరు బ్యాలెట్‌లో పేరుంది, ఓడిపోయారు. 1973లో కన్నుమూశారు.

తర్వాతి భారత సంతతి సభ్యుడు బాబీ జిందాల్ ప్రమాణం చేసింది 2005లో. ఇంత విరామానికి ఒక ముఖ్య కారణం చట్టంలోనే ఉంది. 1946లో తెరిచిన ఆ దారిలో భారతదేశం మొత్తానికీ ఏటా 100 మంది వలసదారులకే చోటు. 1965 వలస చట్టంతో ఆ హద్దు తొలగిన తర్వాతే తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో అమెరికా చేరగలిగారు.