బందరు రేవున ఒక్క పగలు

హైదరాబాదు నగరమునకు తూర్పున సైదాబాదు, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములలో నివసించువారికి విజయవాడ రహదారి నిత్యపరిచితము. నాలుగువందల యేండ్లకు పూర్వము ఈ దిక్కుగా పోయిన బాటకు గమ్యము సముద్రము. గోలకొండ రాజ్యమునకు సముద్రద్వారమైన మచిలీపట్నము, అనగా మన బందరు, ఆ బాట చివర నుండెడిది. గోలకొండ నుండి అచ్చటికి నేరుదారిని నూరు కోసులని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే లెక్క చెప్పినాడు. దారిలోని మజిలీలలో హయత్‌నగర్, పంతంగి, పానగల్లు పేర్లను కూడ వ్రాసినాడు. సైదాబాదును నెలకొల్పిన కుతుబ్‌షాహీ మంత్రి మీర్ మోమిన్ ఇరాను దేశపు అస్తరాబాదు నుండి వచ్చినవాడు. ఆ దేశముతో గోలకొండకు గల ఓడ వ్యాపారము బందరు రేవు మీదుగా సాగెడిది.

ఈనాడు విహారనౌకలలో పోవువారు దారిలో ఒక రేవున దిగి, ఒక పగలు ఊరు చూచి, ప్రొద్దు క్రుంకువేళకు మరల ఓడ యెక్కుదురు. 2022 జూన్‌లో ఎంప్రెస్ అను విహారనౌక చెన్నై నుండి విశాఖపట్నమునకు వచ్చినది. 2023 సెప్టెంబరులో అచ్చట విహారనౌకల కొరకే ప్రత్యేకముగా ఒక టెర్మినలు ప్రారంభమైనది. ఒక్క పగటిలో ఆ యాత్రికుడు చూడగలిగినదెంత? ఈ ప్రశ్న యాత్రికునికే కాదు, చరిత్ర చదువువారికిని ముఖ్యమైనది. ఏలయన, పదునేడవ శతాబ్దపు బందరును గూర్చి మనకు తెలిసినదానిలో చాలభాగము ఓడ దిగి వచ్చినవారు వ్రాసినదే.

మొదట ఓడ దిగుటయే ఒక సాహసము. ఆ తీరమున సముద్రము లోతు తక్కువ. పెద్ద ఓడలు దరిచేరలేక దూరముననే లంగరు వేసెడివి. తీరమునకు చేర్చునది మసూలా పడవ. దానికి ఇనుప మేకులుండవు. పలకలను కొబ్బరినార త్రాటితో కుట్టెదరు. మేకులు కొట్టిన పడవ అలల దెబ్బకు పగిలిపోవును. కుట్టిన పడవ కొంచెము వంగి, అలకు ఒదిగి, మరల సరియగును. ఏ అల మీద తెడ్డు వేయవలెనో, దేనిని పోనీయవలెనో ఆ పడవవాండ్రకే తెలియును. ఎంతటి దొర యైనను ఆ కొంతసేపు వారి చేతిలోని ప్రాణియే. దొరల పేర్లు గ్రంథములలో నిలిచినవి. వారిని ఒడ్డు చేర్చినవారి పేర్లు మాత్రము మనకు దక్కలేదు.

టావెర్నియే 1652 మే 11వ తేదీన ఇరాను రేవైన బందర్ అబ్బాసులో గోలకొండ రాజుగారి ఓడ నెక్కి, జూలై 2వ తేదీన మచిలీపట్నము చేరినాడు. ఇండ్లన్నియు కొయ్యవే యని గమనించినాడు. బంగాళాఖాతమున ఇంతకు మించిన లంగరుతావు లేదని మెచ్చుకొన్నాడు. పెగూ, సయాము, అరకాను, మక్కా, హొర్ముజులకు ఇచ్చటి నుండి ఓడలు పోవునని లెక్కించినాడు. అది వర్తకుని చూపు. 1673లో ఆంగ్లవైద్యుడు జాన్ ఫ్రయర్ మదరాసునకు పోవుచు ఇచ్చట దిగి, ఊరిని, జనులను వర్ణించినాడు. అతని లేఖలు 1698లో గ్రంథముగా అచ్చయినవి. ఇట్టివారు చూచినది అబద్ధము కాదు. కాని అది రేవు నుండి కనబడు ఊరు మాత్రమే.

వీరికి ముందే విలియం మెథ్‌వల్డ్ అను ఆంగ్లేయుడు ఇచ్చటి కంపెనీ వర్తకస్థానమున 1618 నుండి 1622 వరకు నివసించినాడు. ఆ స్థానము 1611లో ఏర్పడినది. అతడు ఊరిని అంతగా మెచ్చుకొనలేదు. ప్రాకారము లేదు, కట్టడములు నాసి, నీరు ఉప్పన అని వ్రాసినాడు. లంగరుతావు మంచిదని ఒకడు, నీరు ఉప్పనయని ఒకడు చెప్పినచో, ఇరువురును నిజమే చెప్పినారు. మొదటివాడు ఓడ నాపుకొను వాని కన్నుతో చూచెను. రెండవవాడు దినదినమును ఆ నీరు త్రాగినవాడు. ఈ నివాసియే చిరివేరు సంగతి కూడ తెలిసికొన్నాడు. బందరు అద్దకపు బట్టలకు ఎరుపునిచ్చునది ఆ వేరే. ఎన్నిమార్లు ఉతికినను ఆ ఎరుపు చెడదు. ఒక్క పగలు దిగినవాడు అంగడిలో బట్ట రంగును చూచును. ఆ రంగు ఏ వేరు నుండి వచ్చినదో తెలియవలెనన్న నాలుగు దినములైనను నిలువవలెను. అద్దకపు పని నేటికిని బందరు ప్రక్కనున్న పెడనలో సాగుచున్నది.

నాలుగేండ్లున్నవానికిని పూర్తిగా తెలియనిది ఒకటి కలదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతోపాటు సముద్రము పొంగి బందరుపై పడినది. సుమారు 30,000 మంది ప్రాణములు పోయినవని అంచనా. యాత్రికునికి సముద్రము దృశ్యము, వర్తకునికి మార్గము, తరతరములుగా తీరమున బ్రతుకువారికి అది అన్నమును, అపాయమును కూడ. ఓడ సాయంకాలమునకు కదలిపోవును. ఊరు కదలదు.

2023లో బందరు వద్ద నూతన రేవు నిర్మాణమునకు పని ఆరంభమైనది. మనవారును ఇప్పుడు విహారయాత్రికులై ఓడ లెక్కుచున్నారు. ఏ తీరమున దిగినను, సముద్రపు అందమును చూచిన పిమ్మట మూడు సంగతులు అడిగి తెలిసికొనుట మేలు: ఇచ్చటివారు త్రాగునీరు ఎచ్చట తెచ్చుకొందురు, చేతిపని ఏమి చేయుదురు, సముద్రము వారి నుండి ఏమి తీసికొన్నది. ఒక్క పగటిలో ఊరంతయు తెలియకపోవచ్చును. కాని అడిగి వచ్చినవాడు వ్రాసిన పుట, చూచి వచ్చినవాడు వ్రాసిన పుటకంటె రేపటి చరిత్రకు ఎక్కువ ఉపకరించును.