చమురులో ప్రభుత్వ వాటా: ఒగోనీ ప్రజల చరిత్ర

ఒక కంపెనీ పైపు పగిలి మన పొలమంతా చమురు పారిందనుకోండి. ఎవరితో చెప్పుకుంటాం? ప్రభుత్వంతో. ఆ వ్యాపారంలో ప్రభుత్వమే పెద్ద భాగస్వామి అయితే? నైజీరియాలోని ఒగోనీ ప్రజలకు ఎదురైన చిక్కు ఇదే.

నైజర్ డెల్టాలో, పోర్ట్ హార్‌కోర్ట్ నగరానికి తూర్పున, సుమారు 1,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతం ఒగోనీ. కర్రపెండలం సాగు, మడ అడవుల పాయల్లో చేపల వేట వారి జీవనాధారం. బ్రిటిష్ పాలన సాగుతుండగానే 1956లో షెల్-బీపీ డెల్టాలో చమురు కనుగొంది. 1958లో ఒగోనీలోనూ దొరికింది.

1960లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఖనిజాల రాయల్టీలో సగం అవి దొరికిన ప్రాంతానికే చెందేది. తరువాతి పాలకులు దాన్ని కోస్తూ పోయారు. 1980లలో అది ఒకటిన్నర శాతానికి దిగింది! 1969 చట్టంతో చమురంతా ప్రభుత్వపరమైంది. 1978 చట్టం భూమిపై అధికారాన్ని రాష్ట్ర గవర్నర్లకు అప్పగించింది. షెల్ నడిపే ఉమ్మడి సంస్థలో ప్రభుత్వ చమురు సంస్థ వాటా 55 శాతానికి చేరింది, షెల్‌ది 30 శాతం. అంటే చమురు కారితే విచారించవలసినవారే లాభంలో సగానికి పైగా పంచుకునేవారు. లంచాల మాట అటుంచండి, ఈ ఏర్పాటే న్యాయానికి అడ్డు.

1990లో ఒగోనీ పెద్దలు హక్కుల పత్రం ప్రకటించారు. వారు అడిగింది వేరే దేశం కాదు. స్వపరిపాలన, వనరులలో న్యాయమైన వాటా. రచయిత కెన్ సారో-వివా ఉద్యమానికి గొంతుక అయ్యాడు. 1993 జనవరి 4న సుమారు 3 లక్షల మంది శాంతియుతంగా ఊరేగారు. ఒగోనీల జనాభాయే అప్పటికి దాదాపు 5 లక్షలు. ఆ ఏడే షెల్ అక్కడ ఉత్పత్తి ఆపింది. సైన్యం మాత్రం గ్రామాలపై పడింది.

1994 మేలో ఒక గుంపు నలుగురు ఒగోనీ పెద్దలను చంపింది. ఆ హత్యలను ప్రేరేపించాడని సారో-వివాను ప్రత్యేక ట్రిబ్యునల్ ముందు నిలబెట్టారు. అప్పీలుకు అవకాశం లేదు. 1995 నవంబర్ 10న అబాచా సైనిక ప్రభుత్వం ఆయనను, మరి ఎనిమిది మందిని ఉరితీసింది. కామన్వెల్త్ నైజీరియాను సస్పెండ్ చేసింది.

ప్రజలను కాపాడే బాధ్యతను ప్రభుత్వం ఉల్లంఘించిందని 2001లో ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ తేల్చింది. న్యూయార్క్‌లో బాధిత కుటుంబాలు వేసిన దావాలో షెల్ 2009లో, తప్పు ఒప్పుకోకుండానే, 1.55 కోట్ల డాలర్లకు రాజీ పడింది. చమురు కారడానికి దొంగలూ, పైపులు కోసేవారూ కారణమని కంపెనీ వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ 2011 ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ నివేదికను చూడండి. ఒక ఊరి తాగునీటి బావుల్లో బెంజీన్ ఆరోగ్య ప్రమాణానికి 900 రెట్లకు మించి ఉంది. పూర్తి శుద్ధికి 25 నుంచి 30 ఏళ్లు పడుతుందని ఆ నివేదిక అంచనా.

2025 మార్చిలో షెల్ తన నైజీరియా నేలపై చమురు వ్యాపారాన్ని అమ్మేసింది. జూన్‌లో అధ్యక్షుడు టినుబు ఆ తొమ్మిది మందికి క్షమాభిక్ష ప్రకటించాడు. క్షమాభిక్ష నేరస్థులకు కదా, నిర్దోషులని ప్రకటించండి అని హక్కుల సంఘాలు అడిగాయి. ఒగోనీలో మళ్లీ చమురు తీయడంపై ప్రభుత్వం చర్చలు మొదలుపెట్టిందీ ఆ సంవత్సరమే.